శిలాక్షరాల పాఠకుడు విలియం కింగ్

జనగామ నుండి కాజీపేటకు సాగే రైలుమార్గంలో రఘునాథపల్లి ఒక చిన్న స్టేషను. ఆ చుట్టుపక్కల చేల నడుమ పొడుచుకొని కనిపించే బండలూ, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుండ్లూ గ్రానైటు జాతి రాళ్లు. వాటి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఆ నేలను ఎంత లోతుకు తవ్వినా బొగ్గు దొరకదు; సముద్రపు గవ్వ అసలే దొరకదు. అయినప్పటికీ ఈ ఊరి మీదుగా ఇనుపదారి పడటానికి బొగ్గు ఒక ముఖ్యకారణం. సికింద్రాబాదు వరకే ఉన్న నిజాం రైలుమార్గం 1886లో వరంగల్లుకు, 1888 నాటికి డోర్నకల్లు మీదుగా ఇల్లందుకు చేరింది. ఇల్లందు నేలలో పుట్టిన బొగ్గు రఘునాథపల్లి బండల మధ్య నుండి రాజధానికి ప్రయాణించింది. ఆ బొగ్గు ఉనికిని శాస్త్రీయంగా లోకానికి తెలిపినవాడు డాక్టర్ విలియం కింగ్.

రఘునాథపల్లి నుండి తూర్పుగా, గోదావరి వైపు ప్రయాణించేవారు తమకు తెలియకుండానే భూచరిత్రలో అనేక అధ్యాయాలు దాటుతారు. వరంగల్లు వరకు గ్రానైటు తోడు వస్తుంది. పాకాల చెరువు ప్రాంతంలో అంతకంటె తరువాతివైన పురాతన శిలలు కనిపిస్తాయి. ములుగు, భూపాలపల్లి దిశగా అడవుల్లోకి పోయేకొద్దీ నేల ఎర్రబారి, కాలికింద ఇసుకరాయి మొదలవుతుంది. రామప్ప గుడి కట్టిన ఎర్రరాయి కూడ ఈ ఇసుకరాతి జాతిదే. గోదావరి దరికి చేరేసరికి ఆ ఇసుకరాళ్ల నడుమ బొగ్గుపొరలు ఉంటాయి. ఈ వరుసను మొట్టమొదట సమగ్రంగా పటానికెక్కించి, వాటిలో ఒక శిలాశ్రేణికి పాకాల పేరు పెట్టినవాడు కూడ కింగే. కాకతీయుల నాటి చెరువు పేరు ఆ విధంగా భూవిజ్ఞాన గ్రంథాలలో స్థిరపడింది.

కింగ్ 1830ల దశకంలో జన్మించాడు. తండ్రి పేరు కూడ విలియం కింగే కావటం వల్ల ఇద్దరినీ ఒకరుగా పొరబడేవారు నేటికీ ఉన్నారు. తండ్రి సామాన్యుడు కాడు. ఇంగ్లండులోని సండర్లాండులో పుట్టి, స్వయంకృషితో శిలాజాలను అధ్యయనం చేసి, 1849లో ఐర్లండులోని గాల్వే కళాశాలలో భూవిజ్ఞానాచార్యుడైనవాడు. జర్మనీ దేశపు నియాండర్ లోయలో దొరికిన వింత ఎముకలు మనవంటి మనుషులవి కావనీ, అవి వేరొక మానవజాతికి చెందినవనీ వాదించి, 1864లో ప్రచురించిన వ్యాసంలో ఆ జాతికి నియాండర్తాల్ మానవుడనే శాస్త్రీయనామం ప్రతిపాదించాడు. పెద్ద పండితులు ఆ మాటను వెంటనే అంగీకరించలేదు. పేరు మాత్రం నిలిచింది. కుమారుడికి ఆస్తిపాస్తుల కంటె మిన్నగా ఆ తండ్రి ఇచ్చింది రాతిని చదివే విద్య అని అనుకోవచ్చు.

ఆ విద్యతోనే కుమారుడు 1857లో భారతదేశానికి వచ్చాడు. అప్పటికి కలకత్తాలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఏర్పడి ఆరేళ్లే అయింది. దానికి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్, ఆయన కూడ ఐర్లండు నుండి వచ్చినవాడే. సంస్థ పేరులో విజ్ఞానం ఉన్నా, దానిని నెలకొల్పిన పాలకుల చూపు ప్రధానంగా బొగ్గు మీదనే ఉండేది. ఆవిరి ఓడలకు, కొత్తగా పడుతున్న రైళ్లకు ఇంధనం కావాలి. ఇంగ్లండు నుండి తెప్పించే బొగ్గు ఖరీదు ఎక్కువ. ఈ నేలలోనే దొరికితే ఎంతో లాభం. ఓల్డ్‌హామ్ గొప్పతనమంతా ఆ వ్యాపారదృష్టి నీడలోనే దేశం మొత్తానికి శిలాపటం సిద్ధం చేసే పని కూడ సాగించటంలో ఉంది.

కింగ్‌ను మద్రాసు రాజధానిలో పనిచేసే బృందంలో చేర్చారు. అక్కడ ఆయనకు దొరికిన సహచరుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. తిరుచిరాపల్లి, సేలం, తంజావూరు, దక్షిణ ఆర్కాటు ప్రాంతాల శిలానిర్మాణంపై వీరిద్దరూ కలిసి వ్రాసిన గ్రంథం 1864లో వెలువడింది. ఆ తిరుచిరాపల్లి పరిసరాలే దక్షిణాదిలో క్రెటేషియస్ సముద్రశిలలకు ప్రసిద్ధి. క్రెటేషియస్ అంటే సుమారు 14.5 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసిన యుగం. నేడు పంటపొలాలున్న చోట ఒకప్పుడు అలలు కదిలాయని అక్కడి గవ్వలూ, చక్రాకారపు అమ్మొనైట్ శిలాజాలూ చెబుతాయి. నది పేర్చిన ఇసుకకూ, సముద్రం పేర్చిన ఇసుకకూ ఉన్న తేడాను గమనించటానికి యువకుడైన కింగ్‌కు అంతకంటె మంచి బడి దొరకదు.

1863లో మరొక ముఖ్యసంఘటన జరిగింది. ఆ యేడు మే నెలలో ఫుట్ మద్రాసు సమీపంలోని పల్లావరంలో ఆదిమానవుడు చెక్కిన రాతి పనిముట్టును గుర్తించాడు. సెప్టెంబరులో ఫుట్, కింగ్ కలిసి అత్తిరంపాక్కం వద్ద అటువంటి పనిముట్లను అనేకం కనుగొన్నారు. భారతదేశంలో పాతరాతియుగపు అధ్యయనానికి అదే నాంది. తండ్రి ఇంగ్లండులోని పండితసభలో నియాండర్తాల్ ఎముకలపై ప్రసంగించిన సంవత్సరం కూడ 1863 కావటం విశేషం. మానవుని ప్రాచీనతను గురించిన ఆధారాలను తండ్రీకొడుకులు ఒకే యేడు, రెండు ఖండాలలో, ఒకరికొకరు దూరంగా పరిశీలిస్తూ ఉన్నారు.

ఆ తరువాత కింగ్ ఆంధ్రదేశంలోకి వచ్చాడు. కడప, కర్నూలు ప్రాంతపు శిలలపై ఆయన వ్రాసిన బృహద్గ్రంథం 1872లో అచ్చయింది. నల్లమల కొండలలోనూ, పెన్నా, కుందేరు లోయలలోనూ ఆయన సాగించిన పరిశ్రమకు అది ఫలితం. ఆ గ్రంథంలో ఆయన శిలావర్గాలకు పెట్టిన పేర్లను చూస్తే మన రాయలసీమ పటం కళ్లముందు మెదలుతుంది. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని కడప శ్రేణిలోని విభాగాలు. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని కర్నూలు శ్రేణిలోని విభాగాలు. దొరల పేర్లనో, దేవతల పేర్లనో ఆయన పెట్టలేదు. ఏ ఊరి దగ్గర, ఏ యేటి ఒడ్డున ఆ రాయి స్పష్టంగా కనిపిస్తే ఆ పేరే పెట్టాడు. ఇది శాస్త్రంలో నాటికే ఉన్న పద్ధతి. కాని ఆ పద్ధతి వల్ల పాణ్యం పేరు, జమ్మలమడుగు పేరు దేశదేశాల విద్యార్థుల నోట పలికాయి.

ఆనాటి సర్వేక్షకుని జీవితం గురించి కొంత చెప్పుకోవాలి. వానలు వెనుకబట్టాక సర్వే అధికారి డేరాలు, ఎడ్లబండ్లు, పనివారితో బయలుదేరేవాడు. ఎండలు ముదిరేవరకు అడవే ఇల్లు. తిరిగివచ్చాక వర్షాకాలమంతా పటాలు గీయటం, నివేదికలు వ్రాయటం. చేతిలో ఉండే పరికరాలు సుత్తి, దిక్సూచి, భూతద్దం, నోటుపుస్తకం. గోదావరి అడవులలో చలిజ్వరం, దారిలేని వాగులు, పులులు నిత్యం ఎదురయ్యేవి. గుట్టల ఆనుపానులు తెలిసినవారు ఆ ప్రాంతపు గిరిజనులూ, పల్లెప్రజలే. దారి చూపినవారి పేర్లు మాత్రం శిలావర్గాలకు ఎక్కలేదు, చరిత్రకూ అందలేదు.

1871-72 పర్యటనకాలంలో కింగ్ నిజాం రాజ్యపు ఆగ్నేయభాగంలో, నేటి ఇల్లందు ప్రాంతంలో, బొగ్గుక్షేత్రాన్ని గుర్తించి ఆ విషయాన్ని 1872లో సర్వేక్షణ సంస్థ పత్రికలో ప్రకటించాడు. దగ్గరలోని సింగరేణి గ్రామం పేరే ఆ క్షేత్రానికి పేరయింది. ఈ ఆవిష్కరణకు ముందు జరిగినదిగా ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకొంటారు. భద్రాచలం యాత్రకు పోతున్నవారు వంటకోసం మూడు నల్లరాళ్లను పొయ్యిగా అమర్చి మంట పెడితే రాళ్లే అంటుకొని మండాయట. ఇల్లందును బొగ్గుట్ట అని పిలిచే అలవాటు ఈ కథకు తోడు నిలుస్తుంది. కథ ఎంత నిజమైనా, నల్లరాయి మండుతుందని తెలియటం వేరు. ఆ రాయి ఏ పొరలో ఉన్నది, ఆ పొర ఎటు వాలి ఉన్నది, ఎంత మేర వ్యాపించి ఉన్నదని తేల్చటం వేరు. కింగ్ చేసినది ఆ రెండవ పని. ఇల్లందు గనులలో ఒక బొగ్గుపొర కింగ్ పేరుతోనే ప్రసిద్ధమయింది.

ఈ రెండవ పని ఎందుకు కష్టమో తెలియాలంటే ఇసుకరాయిని గురించి కొంచెం తెలుసుకోవాలి. చేతిలోకి తీసుకొంటే ఒక ఇసుకరాయి ముక్క మరొక ఇసుకరాయి ముక్కలాగే ఉంటుంది. అదే ఎరుపు, అదే గరుకుదనం. గోదావరి లోయలోని ఇసుకరాళ్లు కొన్ని సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రితం నదులు పేర్చినవి. ఆ నదుల పక్కన దట్టమైన చిత్తడి అడవులు ఉండేవి. చెట్లు కూలి, బురదలో కప్పబడి, పై బరువుకు నలిగి, కాలక్రమాన బొగ్గుగా మారాయి. ఆ బొగ్గు గల ఇసుకరాయిపై బొగ్గులేని ఇసుకరాయి, దానిపై మరొకటి ఇలా వేల అడుగుల మందాన పేరుకొన్నాయి. పైనున్న రాయిని కిందిదని పొరబడితే లక్షల రూపాయల తవ్వకం వ్యర్థం. కిందనున్న దానిని పైదని భ్రమపడితే చేతికందిన సంపద నేలపాలు. మరి గుర్తించటం ఎట్లా? రాతిలో ఆకు అచ్చు ఉన్నదా, గవ్వ ఉన్నదా, ఇసుక రేణువులు ఏ దిశలో వాలి పేరుకొన్నాయి, దాని కింద ఏ రాయి, పైన ఏ రాయి అని ఓపికగా చూచుకొంటూ పోవటమే మార్గం.

ఈ పరీక్ష కింగ్‌కు అత్యంత ఆసక్తికరంగా ఎదురైన స్థలం గోదావరి లోయ చివర, తూర్పు కనుమల పాదాల దగ్గర ఉంది. నూజివీడు నుండి చింతలపూడి, ద్వారకాతిరుమల మీదుగా గోదావరి వైపు ఎత్తుపల్లాలుగా సాగే మెట్టనేలలో కూడ ఎర్రని ఇసుకరాళ్లే ఉన్నాయి. పైకి చూస్తే అవి ఎగువనున్న ఇసుకరాళ్ల కొనసాగింపే అనిపిస్తుంది. బొగ్గు వెదికేవారికి ఆశ పుట్టించే నేల. కింగ్ ఆ రాళ్లను మూడు భాగాలుగా వేరుచేశాడు. అన్నిటికంటె అడుగున ఉన్న ఇసుకరాతికి నూజివీడు దగ్గరి గొల్లపల్లి పేరు పెట్టాడు. అందులో ప్రాచీన వృక్షాల ఆకుల అచ్చులు ఉన్నాయి. వాటిని ఫైస్ట్‌మాంటెల్ అనే శిలాజశాస్త్రవేత్త 1877లో వర్ణించాడు. దానిపైనున్న తెల్లని, ఊదారంగు మెత్తని పొరలరాతికి చింతలపూడి సమీపంలోని రాఘవపురం పేరు వచ్చింది. ఆ పొరలలో ఆకులతో పాటు అమ్మొనైట్లు కనిపించాయి. అమ్మొనైట్ నదిలో బ్రతికే ప్రాణి కాదు. ఆకులు ఒడ్డు నుండి కొట్టుకొని వచ్చి ఉండవచ్చును గాని, అమ్మొనైట్ ఉన్నదంటే అక్కడ కడలి ఉన్నట్లే. అన్నిటికంటె పైనున్న ఇసుకరాయిని ఆయన తిరుపతి ఇసుకరాయి అన్నాడు. ఈ వర్గపు రాళ్లలో ట్రైగోనియా అనే త్రికోణాకారపు గవ్వలు లభించాయి. ట్రైగోనియా కూడ సముద్రజీవే. దాని దగ్గరి బంధువులు ఇప్పుడు ఆస్ట్రేలియా సముద్రాలలో మాత్రమే సజీవంగా ఉన్నాయి.

ఇక్కడ తిరుపతి అనే పేరును చూచి విద్యార్థులు పొరబడే అవకాశం ఉంది. ఇది ఏడుకొండల తిరుపతి కాదు. చిన్నతిరుపతి అని భక్తులు పిలుచుకొనే ద్వారకాతిరుమల. చిత్తూరు సీమలోని తిరుమల కొండల రాయి కడప శ్రేణికి చెందిన గట్టి క్వార్ట్జైటు. వంద కోట్ల సంవత్సరాలకు ఎంతో ముందటిది. ద్వారకాతిరుమల చుట్టుపక్కల గుట్టల రాయి దానితో పోలిస్తే నిన్నమొన్నటిది. రెండు శిలాశ్రేణుల అధ్యయనంలోనూ కింగ్ పరిశ్రమ ఉండటం, వాటిలో ఒకదానికి మాత్రమే తిరుపతి పేరు దక్కటం ఒక చమత్కారం.

గొల్లపల్లి, రాఘవపురం, తిరుపతి శిలల వివరాలు 1880లో సంస్థ ప్రచురించిన గ్రంథంలో వచ్చాయి. ఆనాటి పోలికలను బట్టి వీటిని జురాసిక్ యుగానికి చెందినవిగా లెక్కించారు. కచ్ ప్రాంతంలో అటువంటి ట్రైగోనియా గవ్వలున్న పొరలకు అప్పుడు నిర్ణయించిన వయస్సు అదే. తరువాతి పరిశోధనలలో కచ్ పొరల వయస్సు మారింది. దానితో మన పొరల వయస్సు కూడ మారి, అవి క్రెటేషియస్ యుగానికి చెందినవని తేలింది. దీనివల్ల కింగ్ కృషికి లోపం రాలేదు. ఏ పొర పైది, ఏ పొర కిందిది, ఎక్కడ సముద్రం మొదలయిందని ఆయన చెప్పిన క్రమం చెక్కుచెదరలేదు. మారినది కాలపు అంకె మాత్రమే.

ఆ అంకె వెనుక ఉన్న కథ మాత్రం కింగ్‌కు తెలిసే అవకాశం లేదు. ఖండాలు కదులుతాయనే సిద్ధాంతం ఆయన జీవితకాలంలో ఇంకా పుట్టలేదు. ఒకప్పుడు మన దక్షిణాపథం అంటార్కిటికాను ఆనుకొని ఉండేదనీ, సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం ఆ రెండూ విడిపోవటం మొదలైనదనీ, ఆ పగులులోకి నీరు చేరి తూర్పుతీరం ఏర్పడిందనీ ఇప్పుడు మనకు తెలుసు. అంతకుముందు వరకు మనకు తూర్పు సముద్రమే లేదు. రాఘవపురం అమ్మొనైట్లు, తిరుపతి ఇసుకరాతిలోని గవ్వలు ఆ కొత్త సముద్రపు తొలి అతిథులు. పుస్తకంలో మొదటి పేజీ దొరికినా గ్రంథం పేరు తెలియని పాఠకుని స్థితి కింగ్‌ది. అయినా ఆ పేజీని తప్పులేకుండా నకలు చేసి పెట్టాడు.

సముద్రపు గవ్వ దొరకటం బొగ్గు వెదికేవారికి ఒక హెచ్చరిక కూడ. గవ్వలున్న పొర బొగ్గుపొర కంటె కోట్ల సంవత్సరాలు చిన్నది. కాబట్టి ఆ చోట బొగ్గు ఉంటే గింటే చాల లోతున ఉండాలి. ఇల్లందులో ఉన్నదని చెప్పటం ఎంత ముఖ్యమో, తీరపు ఇసుకరాళ్లు ఇల్లందు రాళ్లు కావని చెప్పటమూ అంతే ముఖ్యం. మొదటిదానికి కీర్తి వచ్చింది. రెండవదాన్ని గుర్తుంచుకొన్నవారు తక్కువ. నా దృష్టిలో రెండవదే ఎక్కువ నిగ్రహం కోరే పని.

1881లో ప్రాణహిత-గోదావరి లోయ భూవిజ్ఞానంపై కింగ్ వ్రాసిన గ్రంథం వెలువడింది. పాకాల, సుల్లవాయి మొదలైన పేర్లు అందులోనివే. ఆదిలాబాదు అడవుల నుండి తీరమైదానం వరకు సాగిన ఆ వర్ణన తరువాతివారి అన్వేషణలకు పునాది అయింది. 1887లో మెడ్లికాట్ తరువాత కింగ్ భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు అధిపతి అయ్యాడు. ఏడేళ్లు ఆ బాధ్యత నిర్వహించి 1894లో పదవీవిరమణ చేశాడు. కలకత్తా కార్యాలయంలో గడిచిన ఆ సంవత్సరాల కంటె గోదావరి ఇసుకలో గడిచిన సంవత్సరాలే ఆయనను తెలుగువారికి దగ్గర చేశాయి.

కింగ్ కనుగొన్న బొగ్గు ఎవరి సొమ్మయిందన్నది వేరే కథ. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కు పొందింది. ఆ హక్కుల బేరంలో, వాటాల అమ్మకంలో జరిగిన వ్యవహారం ఎంత అపఖ్యాతి పాలయిందంటే 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘమే విచారణ జరిపింది. నిజాం ఖజానాకు చేరవలసిన లాభం దళారుల చేతుల్లో పడిందని అప్పుడే విమర్శలు వచ్చాయి. 1889లో ఇల్లందులో తవ్వకం ఆరంభమయింది. భూమి గుండెల్లోకి దిగి ఆ బొగ్గును పైకి తెచ్చిన కార్మికులకు ఈ బేరసారాలలో చోటు లేదు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో హైదరాబాదు రాజ్యం దాని వాటాలలో అధికభాగాన్ని కొని ప్రభుత్వపరం చేసింది. ఇల్లందులో మొదలైన గనులు కొత్తగూడెం, బెల్లంపల్లి, రామగుండం మీదుగా భూపాలపల్లికి విస్తరించాయి. భూపాలపల్లి గనులకు కాకతీయ ఖని అని పేరు.

తీరం వైపు ఇసుకరాళ్లకు కూడ ఆలస్యంగా విలువ వచ్చింది. ద్వారకాతిరుమల పరిసరాలలో నేలపై కనిపించే ఈ శిలావర్గాలు ఆగ్నేయంగా వంగి, కృష్ణా గోదావరి డెల్టాల ఒండ్రుమట్టి కింద వేల అడుగుల లోతుకు దిగిపోతాయి. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో అక్కడ చమురు, సహజవాయువు కోసం బావులు తవ్వినప్పుడు, లోతు నుండి పైకి వచ్చిన రాతిముక్కలను గుర్తించటానికి ఇంజనీర్లకు కింగ్ పెట్టిన పేర్లే అవసరమయ్యాయి. ఆయన గుర్తించిన సముద్రపు బురద, అంటే రాఘవపురం పొరల రాయి, ఆ ప్రాంతపు చమురు వాయువులకు ముఖ్యమైన పుట్టిల్లని తేలింది. గొల్లపల్లి ఇసుకరాయి కొన్ని చోట్ల ఆ వాయువును దాచుకొన్న గాదె. బొగ్గు దొరకని రాయిగా ఒకనాడు పక్కన పెట్టినది మరొక ఇంధనానికి ఆధారమయింది. గొల్లపల్లి, రాఘవపురం, తిరుపతి అనే మూడు పేర్లు ఆ బావుల నివేదికలలో ఇప్పటికీ అదే వరుసలో, కింది నుండి పైకి, కనిపిస్తాయి.